బకెట్టులో టమాటా



2023 జులైలో టమాటా కిలో 100 రూపాయలు దాటింది. చాలా ఇళ్ళల్లో పప్పులోకి చింతపండే దిక్కయింది. పెరడు లేకపోయినా, వాకిట్లో పాత బకెట్టుకు చోటుంటే చాలు, టమాటా కాయించవచ్చు.

బకెట్టు అడుగున నాలుగు బెజ్జాలు పెట్టాలి. రెండు పాళ్ళు మట్టికి ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలపాలి. పచ్చి పేడ వద్దు, వేరు మాడుతుంది. బకెట్టుకు ఒకే మొక్క. ఆశపడి మూడు నాటితే ఏదీ సరిగా కాయదు.

అక్టోబరులో నారు పోస్తే ఎండలు ముదిరేలోపు కాయలు కోసుకోవచ్చు.

ఇక ఏప్రిల్, మే నెలలు. మొక్క పచ్చగానే ఉంటుంది. పూత వస్తుంది, రాలిపోతుంది. దిష్టి తగిలిందంటారు. నాటిన ఆమె చెయ్యి మంచిది కాదంటారు. పాపం, ఆమె చెయ్యేం చేసింది? ఎండ 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా ఉక్కగా ఉంటే పూవులోని పుప్పొడి చెడుతుంది. పిందె కట్టదు. అంతే!

అప్పుడు మొక్కను పీకెయ్యకండి. మధ్యాహ్నం ఎండ పడకుండా పాత చీర పందిరిలా కట్టండి. మొదట్లో వరిగడ్డి పరవండి. గచ్చు కాలుతుంది కాబట్టి బకెట్టు కింద ఇటుకలు పెట్టండి. నీళ్ళు పొద్దున్నే పొయ్యాలి. ముందు మట్టిలో వేలు పెట్టి చూడండి, తడి ఉంటే ఆగండి. రెండు రోజులు ఎండబెట్టి ఒక్కసారే నిండా పోస్తే కాయలు పగులుతాయి. బియ్యం కడిగిన నీళ్ళు పొయ్యొచ్చు. సబ్బు నీళ్ళు మాత్రం వద్దు.

వానలు పడ్డాక ఎండు కొమ్మలు తీసేస్తే కొత్త చిగురొస్తుంది. మళ్ళీ పూత పడుతుంది. పూసిన నెలన్నరకు కాయ పండుతుంది.