ఇంటి వెలుతురుకు ఏ కెమెరా?



జేబులో పట్టే చిన్న డిజిటల్ కెమెరాలు మళ్ళీ కనిపిస్తున్నాయి. సెల్‌ఫోన్లు వచ్చాక బీరువాల్లో మూలపడ్డ వాటిని పిల్లలు వెతికి బయటికి తీస్తున్నారు. ఇంట్లో లేనివాళ్ళు వాడిన కెమెరాల కోసం దుకాణాలు తిరుగుతున్నారు. అక్కడ బల్ల మీద రెండు పెట్టి, "ఇది పద్నాలుగు మెగాపిక్సెళ్ళండీ, అది పదే. దీని జూమ్ ఐదు రెట్లు, దానిది రెండున్నరే" అంటారు. వింటే ఎవరి చెయ్యయినా పెద్ద అంకె వైపే వెళుతుంది. రెండింటి ధరా ఒకటే అయితే ఇక ఆలోచించేదేముంది అనిపిస్తుంది.

ఆలోచించాల్సింది చాలా ఉంది. కెమెరా చేసే పనల్లా వెలుతురును పట్టుకోవడం. ఎంత వెలుతురును ఎంత త్వరగా పట్టుకోగలదో ఆ రెండు అంకెల్లో ఏదీ చెప్పదు. ఇవాళ దాని గురించే మాట్లాడతాను. మాటలు గాలిలో తేలిపోకుండా రెండు నిజమైన కెమెరాలను తీసుకుందాం. రెండూ 2008లో కొద్ది నెలల తేడాతో వచ్చాయి. ఒకటి కెనాన్ పవర్‌షాట్ జీ10, రెండోది పానాసోనిక్ లూమిక్స్ ఎల్‌ఎక్స్3. ఫోటోల మీద ఇష్టం ఉండి, పెద్ద కెమెరా మొయ్యలేనివాళ్ళు ఆ రోజుల్లో ఈ రెండింటి మధ్యే ఊగిసలాడారు. పాత సరుకులో ఇవి ఇప్పటికీ దొరుకుతుంటాయి.

కెనాన్‌వి 14.7 మెగాపిక్సెళ్ళు, పానాసోనిక్‌వి 10.1. మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు. లెన్సు వెనకాల సెన్సార్ అనే చిన్న సిలికాన్ పలక ఉంటుంది. ఆ పలక మీద గళ్ళుగళ్ళుగా ఉన్న ఒక్కో గడి, ఫోటోలో ఒక్కో చుక్క అవుతుంది. కెనాన్ సెన్సార్ పొడవు సుమారు 7.4 మిల్లీమీటర్లు, వెడల్పు 5.6. పానాసోనిక్‌దీ దాదాపు అంతే. పాత ఫిల్ము మీద ఒక్కో బొమ్మ 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు ఉండేది. దాంతో పోలిస్తే ఈ పలక వైశాల్యం ఇరవయ్యో వంతు. ఇంతటి కాస్త చోటును ఒక కంపెనీ కోటి గళ్ళుగా, మరొకటి దాదాపు కోటిన్నర గళ్ళుగా కోసింది. చోటు పెరగలేదు, గళ్ళు చిన్నవయ్యాయి. ఒక్కో గడి పక్క కొలత పానాసోనిక్‌లో సుమారు 2 మైక్రాన్లు, కెనాన్‌లో 1.7. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

గడిలో జరిగేది వింటే ఆశ్చర్యం కలుగుతుంది. వెలుతురు ఫోటాన్లనే కణాలుగా వస్తుంది. సిలికాన్ మీద ఫోటాన్ పడితే అక్కడ ఒక ఎలక్ట్రాన్ విడివడుతుంది. వెలుతురును లోపలికి వదిలే షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ అలా విడివడ్డ ఎలక్ట్రాన్లు ఆ గడిలోనే పోగవుతాయి. షట్టర్ మూసుకున్నాక కెమెరా వాటిని ఒక గడి నుంచి పక్క గడికి వరసగా జరుపుకుంటూ అంచుకు తెచ్చి లెక్కపెడుతుంది. ఈ తరహా సెన్సార్‌ను సీసీడీ అంటారు. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ దీన్ని రూపొందించారు. మనం మాట్లాడుకుంటున్న రెండు కెమెరాల్లోనూ ఉన్నది సీసీడీయే.

ఇక్కడ ప్రకృతి పెట్టిన ఒక చిక్కుంది. ఫోటాన్లు లెక్క ప్రకారం సమానంగా వచ్చి పడవు. వాన మొదలైన తొలి నిమిషంలో వాకిట్లో నాపరాళ్ళను చూడండి. ఒక రాయి మీద నాలుగు చినుకులుంటాయి, పక్క రాయి మీద ఒక్కటే, దాని పక్కది పొడిగానే ఉంటుంది. అదే వాన గట్టిగా కురిశాక ఏ రాయి చూసినా ఒకేలా తడిసి ఉంటుంది. వెలుతురుదీ అదే తీరు. సగటున 100 ఫోటాన్లు పడాల్సిన చోట పదేసి అటూ ఇటూ అవుతాయి, అంటే పదింట ఒక వంతు తేడా. సగటు 10,000 అయితే తేడా వందే, అంటే వందలో ఒక వంతు. మొదటిది కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, రెండోది తెలియనే తెలియదు. రాత్రిపూట తీసిన ఫోటోలో నల్లటి జుట్టు మీద, గోడ నీడల్లో ఎర్రగా, నీలంగా రవ్వలు పోసినట్టు కనిపించేది ఇదే. కెమెరా పాడయిందని చాలామంది అనుకుంటారు. వెలుతురు చాలలేదు, అంతే.

కెమెరాలో ఐఎస్ఓ అనే అంకె పెంచితే చీకట్లోనూ ఫోటో వస్తుందంటారు. వస్తుంది. కానీ ఐఎస్ఓ పెంచినంత మాత్రాన ఒక్క ఫోటాన్ కూడా అదనంగా రాదు. వచ్చిన కాస్త లెక్కనే కెమెరా పెద్దది చేసి చూపిస్తుంది. దాంతోపాటు ఆ రవ్వలూ పెద్దవవుతాయి.

అయితే గళ్ళు చిన్నవయితే ఫోటో తప్పకుండా చెడిపోతుందా? అలా అనలేం. పలక మొత్తం మీద పడ్డ వెలుతురు అంతే కదా. చిన్న గళ్ళ ఫోటోను కుదించి పెద్ద గళ్ళ ఫోటో సైజుకు తెస్తే పక్కపక్క గళ్ళ తేడాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి చాలావరకు సర్దుకుంటాయి. నష్టం లెక్కపెట్టే దగ్గరుంది. ప్రతి గడిని చదివేటప్పుడు కెమెరా తనవంతు పొరపాటు కొంత కలుపుతుంది. గళ్ళు ఎక్కువైతే ఆ పొరపాట్లూ ఎక్కువే. మసక వెలుతురులో అసలు లెక్కే తక్కువ కాబట్టి అవి బయటపడతాయి.

సరే, కోటిన్నర చుక్కలు మనకు కావాలా? స్టూడియోలో కడిగించే మామూలు ఫోటో, నాలుగు అంగుళాలకు ఆరు అంగుళాలది, అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రించినా 22 లక్షల చుక్కలు చాలు. ఏ4 కాగితం నిండా ముద్రించాలంటే 87 లక్షలు. పది మెగాపిక్సెళ్ళ కెమెరా ఆ రెండు పనులూ చేసిపెడుతుంది. గోడంత బొమ్మ వేయించుకునేవాళ్ళు మన ఇళ్ళలో ఎందరుంటారు?

ఆ తర్వాత జరిగింది ఈ కథలో నాకు బాగా నచ్చిన భాగం. 2009లో కెనాన్ జీ10 తర్వాతి మోడల్ జీ11ను తెచ్చింది. దానికి 10 మెగాపిక్సెళ్ళే. ఏటా అంకె పెంచుకుంటూ పోతున్న కంపెనీ, తన మంచి కెమెరాలో మూడో వంతు దాకా చుక్కలు తగ్గించింది. కొనేవాళ్ళు పెద్ద అంకెనే చూస్తారని తెలిసి కూడా ఆ పని చేసింది. అందుకు మెచ్చుకోవాలి. అదే ఏడాది అక్టోబరులో సీసీడీని కనిపెట్టినందుకు బాయిల్, స్మిత్‌లకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ప్రకటించారు.

ఇక లెన్సు. నన్నడిగితే ఎంపిక తేలేది ఇక్కడే. లెన్సు మీద చిన్న అక్షరాలతో ఎఫ్ అని ఒక అంకె ఉంటుంది. లెన్సు కన్ను ఎంతవరకు తెరుచుకుంటుందో అది చెబుతుంది. అంకె చిన్నదయితే కన్ను పెద్దది. జూమ్ చేయకుండా ఉన్నప్పుడు పానాసోనిక్‌ది ఎఫ్ 2, కెనాన్‌ది ఎఫ్ 2.8. తేడా పాయింట్ ఎనిమిదే కదా అనుకోకండి. వెలుతురు ఆ అంకె వర్గాన్ని బట్టి మారుతుంది. రెండు రెళ్ళు నాలుగు, రెండు పాయింట్ ఎనిమిది వర్గం దాదాపు ఎనిమిది. అంటే సెన్సార్ మీద ఒక్కో చోట పడే వెలుతురు పానాసోనిక్‌లో దాదాపు రెట్టింపు.

రెట్టింపంటే ఏమిటో భోగినాటి సాయంత్రం తెలుస్తుంది. పీట మీద పసివాణ్ణి కూర్చోబెట్టి ముత్తైదువులు భోగిపళ్ళు పోస్తుంటారు. రేగుపళ్ళూ చిల్లరా పూలరెక్కలూ నెత్తిమీంచి జారుతుంటే వాడు తల విదిలిస్తాడు, చేతులాడిస్తాడు. గదిలో ఒక్క ట్యూబులైటు. అలాంటి వెలుతురులో ఒక కెమెరా షట్టర్ సెకనులో ముప్పయ్యో వంతు తెరిచి ఉంచాల్సి వస్తే, రెండోదానికి అరవయ్యో వంతు చాలు. ఆ కాస్త సమయంలో వాడి ముఖం చెదిరిపోతుందా, నిలుస్తుందా అన్నదే ఫోటో. చెయ్యి వణుకును సరిదిద్దే ఏర్పాటు రెండింటిలోనూ ఉంది. అది మీ చెయ్యి వణుకును ఆపుతుందే గానీ పిల్లవాడి కదలికను ఆపలేదు. ఫ్లాష్ వెయ్యవచ్చు. వేస్తే ముఖం తెల్లగా వెలిగి వెనక కూర్చున్న నాయనమ్మ చీకట్లో కలిసిపోతుంది, దీపాల వెలుగు మాయమవుతుంది. మన పెళ్ళిళ్ళు చాలా మటుకు రాత్రి ముహూర్తాలకే జరుగుతాయి. పుట్టినరోజులు, సీమంతాలు, వ్రతాలు ఇంట్లోనే. ఎన్నాళ్ళయినా మనం తీసి చూసుకునే ఫోటోలన్నీ దాదాపు తక్కువ వెలుతురువే.

జూమ్ సంగతికి వద్దాం. 'ఐదు రెట్లు' అన్నది ఆ లెన్సు అతి దగ్గర, అతి దూరం కొలతల నిష్పత్తి మాత్రమే. ఫిల్ము కెమెరా లెక్కలో చెబితే పానాసోనిక్ 24 మిల్లీమీటర్ల నుంచి 60 దాకా వెళుతుంది. కెనాన్ 28 నుంచి 140 దాకా. 24 అంకె ఉన్న లెన్సు అడ్డంగా సుమారు 74 డిగ్రీల మేర చూస్తుంది, 28ది 65 డిగ్రీలు. అపార్ట్‌మెంటు హాల్లో గోడకు ఆనుకుని నిలబడ్డా చివరి ఇద్దరూ ఫోటోలో పట్టని ఇబ్బంది మీకు తెలుసుగా, అక్కడ ఈ ఎనిమిది తొమ్మిది డిగ్రీలే ఆదుకుంటాయి. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఇంత వెడల్పు లెన్సులో అంచున ఉన్నవాళ్ళ ముఖాలు పక్కకు సాగుతాయి. పెద్దవాళ్ళను నడిమధ్య కూర్చోబెట్టండి.

దూరం విషయంలో కెనాన్‌దే పైచేయి, అందులో సందేహం లేదు. గోపురం మీది బొమ్మను కింద నుంచి తీస్తే కెనాన్‌లో రెండు రెట్లకు పైగా పెద్దగా పడుతుంది. పానాసోనిక్ ఫోటోను కత్తిరించి ఆ సైజుకు తెస్తే పది మెగాపిక్సెళ్ళలో రెండు కూడా మిగలవు. స్కూలు వార్షికోత్సవంలో ఆఖరి వరసలో చోటు దొరికేవాళ్ళు, గుళ్ళూ గోపురాలూ తిరిగేవాళ్ళు కెనాన్ తీసుకుంటే నేను కాదనను. అయితే జూమ్ పూర్తిగా చాచినప్పుడు దాని అంకె ఎఫ్ 4.5 అవుతుంది. మసక వెలుతురులో షట్టర్ అంత ఎక్కువసేపు తెరుచుకుని ఉండాలి, కాబట్టి మోచేతులు దేనికైనా ఆనించి తీయాలి. కొల్లేరు ఆటపాకలో చెట్ల మీద వాలిన పెలికాన్ పక్షుల కోసమైతే రెండూ చాలవు, వాటికి ఇంకా పొడవైన లెన్సు కావాలి.

చేతిలో ఫోనుండగా ఇదంతా ఎందుకని అడగవచ్చు. ఫోను సెన్సార్ చాలా వాటిలో చిన్నదే, కానీ ఇప్పటి ఫోన్లు మీట నొక్కగానే వరసగా కొన్ని ఫోటోలు తీసి, వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి కలుపుతాయి. చిన్న పలకతోనే ఎక్కువ ఫోటాన్లు పోగుచేసే ఉపాయం అది. కదలని వస్తువుకు అద్భుతంగా పనిచేస్తుంది. మంచి ఫోను ఉన్నవాళ్ళు ఫోటో నాణ్యత కోసమే అయితే పాత కెమెరాకు డబ్బు పెట్టనక్కరలేదు. కెమెరా పట్టుకుని తీయడంలో ఒక ఆనందముంది. అది కావాలనుకునేవాళ్ళ కోసమే ఈ మాటలు.

నేను ఇంటికోసం కొంటే పానాసోనిక్‌నే ఎంచుకుంటాను. దానికీ లోపాలున్నాయి. లెన్సు మూత చేత్తో తీయాలి, వీడియో తీస్తున్నప్పుడు జూమ్ కదలదు, కన్ను ఆనించి చూసే కిటికీ లేదు. ఎర్రటి ఎండలో వెనక తెర కనపడదు కాబట్టి ఆ కిటికీ ఉన్న కెనాన్ ఆరుబయట సుఖం.

దుకాణానికి వెళ్ళేవాళ్ళు తమ మెమరీ కార్డు తామే తీసుకువెళ్ళండి. ఈ వయసు కెమెరాలకు 32 జీబీ వరకు ఉన్న ఎస్‌డీహెచ్‌సీ కార్డే వెయ్యాలి, అంతకు మించినది వాటికోసం చేసింది కాదు. బ్యాటరీ తీసి చూడండి, పొట్ట ఉబ్బి ఉంటే వద్దు. కెమెరా వేసి ఆపి, వేసి ఆపి చూడండి, లెన్సు గరగర చప్పుడు లేకుండా బయటికి వచ్చి లోపలికి పోవాలి. తెల్లగోడను ఒక ఫోటో తీస్తే సెన్సార్ మీద దుమ్ముంటే బూడిదరంగు మచ్చలుగా కనిపిస్తుంది. ఆ తర్వాత దుకాణంలో అన్నిటికంటే చీకటిగా ఉన్న మూలన మీతో వచ్చినవాళ్ళను నిలబెట్టి, ఫ్లాష్ ఆపేసి, రెండు కెమెరాలతోనూ తియ్యండి. ఒక ఫోటో కదలకుండా, ఇంకోటి తల తిప్పుతుండగా. ఇంటికొచ్చి కంప్యూటర్ తెర మీదో టీవీ మీదో ఆ ఫోటోల్లో జుట్టును, కళ్ళను పెద్దవి చేసి చూసుకోండి. డబ్బు మర్నాడు కట్టవచ్చు.