కడుపు మీద గీత

 

ఈ రోజు కాన్పు సంగతి మాట్లాడుకుందాం. మీలో చాలామంది కన్న తల్లులే. నాకన్న మీకే ఎక్కువ తెలుసు. అయినా ఒక గుర్తు గురించి చెప్పాలి.

నొప్పి వచ్చినప్పుడల్లా గర్భసంచి బిగుస్తుంది. బిడ్డను కిందికి తోస్తుంది. దారి ఉంటే బిడ్డ బయటికి వస్తుంది. దారి ఇరుకైతే? బిడ్డ అడ్డం తిరిగితే? గర్భసంచి ఊరుకోదు. ఇంకా గట్టిగా తోస్తుంది. దాని పై భాగం మందం అవుతుంది. కింది భాగం సాగి సాగి పలచన అవుతుంది. రెండింటి నడుమ కట్టు పడుతుంది. అది కడుపు మీద అడ్డంగా గీత లాగ కనపడుతుంది. నాడా బిగించినట్టు ఉంటుంది. పొద్దు గడిచిన కొద్దీ పైకి జరుగుతుంది.

ఆస్ట్రియా దేశపు డాక్టరు లుడ్విగ్ బాండ్ల్ 1875లో దీని గురించి రాసిండు. అందుకే డాక్టర్లు 'బాండ్ల్ రింగు' అంటరు. అప్పుడు స్కానింగు లేదు. కంటితో చూసి, చేత్తో తడిమి తెలుసుకునేవారు.

ఇప్పుడు స్కానింగు ఉంది. గుట్ట ముందు కేక వేస్తే మన గొంతు మనకే తిరిగి వస్తుంది కదా! ఇదీ అంతే. చెవికి వినపడని శబ్దం కడుపులోకి పోతుంది. తిరిగి వచ్చి తెర మీద బొమ్మ అవుతుంది. సంచి గోడ ఎక్కడ మందం, ఎక్కడ పలచన, బిడ్డ తల ఎటు ఉంది, డాక్టరమ్మ చూస్తుంది. ఒక్కోసారి మూత్రం నిండినా కడుపు మీద అట్లనే గీత కనపడుతుంది. ఆ తేడా కూడా స్కానింగులో తెలుస్తుంది. (ఆడపిల్లా, మగపిల్లా అని మాత్రం అడగవద్దు. 1994 చట్టం ప్రకారం అది నేరం. అడిగేది అత్తగారైతే ఆమెకూ ఇది చదివి వినిపించండి.)

గీత కనపడితే స్కానింగు సెంటర్ల చుట్టూ తిరగవద్దు. స్కానింగు చూపిస్తుంది, బిడ్డను బయటికి తీయదు. ఆపరేషను చేసే దవాఖానకే నేరుగా పోవాలి. రామాయంపేట దిక్కువాళ్లైనా, పాపన్నపేట దిక్కువాళ్లైనా 108కు ఫోన్ చేయండి. 2005 నుంచి ఈ బండ్లు తిరుగుతున్నాయి. పైసలు కట్టే పని లేదు.

ఇంటికాడ నొప్పులు పెంచే సూది వేయించవద్దు. కడుపు మీద ఒత్తనియ్యవద్దు. దారి లేనప్పుడు తోపు పెంచితే సంచి పగులుతుంది.

ఇంకొకటి. పెద్ద నొప్పులు చాలాసేపు వచ్చి, ఒక్కసారి ఆగిపోతాయి. "నొప్పులు తగ్గినయి, జర పండుకోనియ్యుండ్రి" అంటరు. అది తగ్గుడు కాకపోవచ్చు. సంచి పగిలి ఉండవచ్చు. రక్తం లోపలే పోతుంది, బయటికి కొంచెమే కనపడవచ్చు. తల్లికి కండ్లు తిరుగుతాయి, చెమటలు పడతాయి. నిమిషం కూడా ఆగవద్దు.

కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో గోడ మీద పెద్దగా రాయండి: 108. బొగ్గుతో రాసినా సరే.