ఆనిగెపుకాయ తప్పెట్లా అయింది?

(కాళేశ్వరంలో అంగన్‌వాడీ టీచర్లు, తల్లుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్న మీ ఊళ్లోనే ఒక అయిదేళ్ల పాప ఫోనులో బొమ్మలు చూసి పేర్లు చెప్పే ఆట ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. తెరమీద పొడుగాటి పచ్చ కాయ వచ్చింది. 'ఆనిగెపుకాయ' అంది పాప. ఎర్ర గుర్తు పడింది. ఇంకా గట్టిగా అంది. మళ్లీ ఎర్ర గుర్తే. 'సొరకాయ' అంటేనే ఒప్పట! (శ్రీకాకుళం పిల్లలు ఆనపకాయ అంటారు, వాళ్లదీ తప్పే.) మూడోసారి పాప బొమ్మను చూడలేదు, నా మొహం చూసింది. తర్వాత మేక బొమ్మ వచ్చినా నోరు విప్పలేదు. వాళ్లింట్లో మేకలున్నాయి.

ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. వాళ్లమ్మ నేర్పిన మాట చదువుకు పనికిరాదని మాత్రం ఆ పిల్లకు తెలిసిపోయింది.

గోదావరి, ప్రాణహిత కలిసే చోటు ఇది. అవతలి ఒడ్డున సిరోంచ, మహారాష్ట్ర. ఈ జిల్లా గూడేల్లో కోయ మాట్లాడే పిల్లలున్నారు, తండాల్లో లంబాడా పిల్లలున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో కోయ, గోండి, బంజారా సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలైంది. ఇంటి భాషతో బడిలోకి రావడం పిల్లల హక్కని అప్పుడు పాఠ్యపుస్తకాల విషయంలో ఒప్పుకున్నారు. తెర వచ్చేసరికి ఆ వాదన మళ్లీ మొదటి నుంచి చెయ్యాల్సి వస్తోంది.

అందుకే ఎవరైనా పిల్లల సాఫ్ట్‌వేర్ తెస్తే నేను ముందు అడిగేది ఒకటే: ఇందులో మాట మార్చుకోవచ్చా? ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో మార్చుకోవచ్చు. మూలాన్ని పేర్కొంటే చాలు, ఆ కథలను ఎవరైనా అనువదించవచ్చు, తిరగరాయవచ్చు. మీరే సొరకాయ తీసేసి ఆనిగెపుకాయ పెట్టవచ్చు. బొమ్మలూ చూడండి. అమ్మ ఎప్పుడూ పొయ్యి దగ్గరే ఉందా? మిరప చేలో కూలికెళ్లే అమ్మ ఎక్కడైనా కనిపించిందా? చూపు లేని పాపకు వినిపిస్తుందా, వినికిడి లేని బాబుకు రాతలో కనిపిస్తుందా? వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది, అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇక ఫోను ఎవరిది? 2020 సెప్టెంబరు 1న మన రాష్ట్రంలో టీవీ, ఫోను పాఠాలు మొదలైనప్పుడు ఎన్నో ఇళ్లలో చూశాను. ఫోను నాన్నతో పనికి పోయేది. సాయంత్రం వచ్చాక ముందు కొడుక్కి, అంట్లు తోమాక కూతురికి. అప్పటికి చార్జింగు అయిపోయేది. కాబట్టి కేంద్రంలోనే ముందుగా డౌన్‌లోడ్ చేసి పెట్టుకుని, వంతులవారీగా ఆడించగలిగినవే ఎంచుకోండి. ఇంట్లో ఆడుకోమని వదిలేస్తే ఎవరి వంతు పోతుందో మీకు తెలుసు.

ఇప్పుడు మీ ఫోన్లు తీయండి. మీ పిల్లలు ఆడే ఆట తెరిచి, కూరగాయల దగ్గరికి వెళ్దాం.