మనోవ్యాకులతకు మందులు

ధర్మవరమున మగ్గము ముందు కూర్చుండియు చేయియాడని నేతగానికిగాని, హిందూపురముననో, పెనుకొండలోనో నిద్రలేక తెల్లవార్చు తల్లికిగాని వైద్యుడు కుంగుబాటునకు మందు వ్రాసినచో, అందు సిగ్గుపడవలసినది లేదని నా మనవి.

ఫ్లూఆక్సెటీన్ వంటి మందులు, మెదడు కణములు సెరొటోనిన్ అను రసాయనమును వెనుకకు పీల్చుకొనకుండ అడ్డుపడును; తొలిదినములలో వికారము, తలనొప్పి కలుగవచ్చును; కొందరికి లైంగికాసక్తి తగ్గవచ్చును. 1950ల నాటి ఇమిప్రమిన్, దాని తరగతికి చెందిన అమిట్రిప్టిలిన్, నార్‌ఎపినెఫ్రిన్ అను రసాయనమును గూడ అట్లే పీల్చుకొనకుండ అడ్డుపడును. కాని వీనివలన నోరెండుట, మలబద్ధకము, మగత అధికము. హృద్రోగులు తమ రోగమును ముందే వైద్యునికి చెప్పవలెను.

ఫలము కనబడుటకు వారములు పట్టును. అవును, దినములు కాదు, వారములు. నెమ్మదించినదని హఠాత్తుగా మానరాదు. తొలివారములలో, ముఖ్యముగా యువజనులకు, ప్రాణము తీసికొనవలెనను తలంపు హెచ్చినచో తక్షణమే వైద్యునికి తెలుపవలెను. నడిరేయియైనను 14416 అను టెలి మానస్ మానసికారోగ్య సహాయవాణి సంఖ్యకు ఫోను చేసి ఉచితముగ, తెలుగులోనే మాటాడవచ్చును.