బేరమాడు హక్కు: గిరి గారి స్మృతికి



వరాహగిరి వేంకటగిరి గారి స్మృత్యర్థము మాటలాడుమని నన్నాజ్ఞాపించినప్పుడు, రాష్ట్రపతిగా వారనుభవించిన వైభవమును వర్ణించుటకంటె, 1954లో వారు కేంద్ర కార్మికమంత్రి పదవిని వదలుకొన్న ఘట్టమును తలచుకొనుటయే ఉచితమని తోచినది. బ్యాంకు ఉద్యోగుల తగవులో ట్రిబ్యునలు చెప్పిన తీర్పును ప్రభుత్వము సవరింపగా, అది సహింపక వారు రాజీనామా చేసిరి. విచిత్రమేమనగా, ట్రిబ్యునళ్ళమీద వారికే నమ్మకము తక్కువ. యజమానియు సంఘమును ఎదురెదుట కూర్చుండి కుదుర్చుకొన్న ఒడంబడికయే నిలుచుననియు, నిర్బంధ న్యాయనిర్ణయము ఉభయులను కోర్టుపక్షులను చేయుననియు వారి వాదము.

ఆ వాదమునకు చట్టమున చోటు దొరకలేదు. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టము సంఘమును రిజిస్టరు చేయించుకొను వీలు కల్పించినదే గాని, యజమాని దానిని గుర్తించి తీరవలెనని శాసింపలేదు. 1947లో అట్టి సవరణ చేసియు అమలులో పెట్టరైరి. 1974లో రైల్వే సమ్మె అణచివేతకు గురియైనది. 1982లో మొదలైన బొంబాయి బట్టమిల్లుల సమ్మె ఒప్పందము లేకయే కరగిపోయినది. ఈ కథ లోకవిదితమే.

మనకు దగ్గరిది ఆర్టీసీ కథ. కార్మికులు ఓట్లువేసి గుర్తింపు సంఘము నెన్నుకొనుట, ఆ సంఘము యాజమాన్యముతో వేతన సవరణకై బేరమాడుట, కుదరకున్న సమ్మె నోటీసిచ్చుట అచ్చటి సంప్రదాయముగా నుండెడిది. 2015 మే నెలలో బస్సులు ఎనిమిది దినములు నిలిచిపోగా, ఆంధ్రప్రదేశమున 43 శాతము, తెలంగాణమున 44 శాతము ఫిట్‌మెంటు, అనగా మూలవేతనముపై పెంపు, సాధించిరి. గిరి గారు కోరిన బేరము మన కన్నులయెదుట ఫలించిన సందర్భమది.

తరువాత ఐదేండ్లయిన నిండకమునుపే రెండు రాష్ట్రములలోను ఆ బేరము రెండు విధముల అంతరించినది. తెలంగాణమున 2019 అక్టోబరు 5న సుమారు 48,000 మంది సమ్మెకు దిగి, 52 దినముల పిమ్మట ఒప్పందమేమియు లేక విరమించిరి; అటుపిమ్మట సంఘముల స్థానమున సంక్షేమ కమిటీలు వెలసినవి. అది పరాజయము. ఇచ్చట ఆంధ్రప్రదేశమున మాత్రము, 2020 జనవరి 1 నాటికి కార్మికులు ప్రభుత్వోద్యోగులైరి. తాము చిరకాలముగా కోరినదే కావున మిఠాయిలు పంచుకొన్నను తప్పుపట్టరాదు. ఉద్యోగ భద్రత లభించినది, బేరము పోయినది. ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమములు సమ్మెను నిషేధించును. వేతనమును వేతన సవరణ సంఘము (పీఆర్సీ) సిఫారసును బట్టి ప్రభుత్వమే నిర్ణయించును. 2022లో, మధ్యంతర భృతి 27 శాతమై యుండగా, ఫిట్‌మెంటు 23 శాతముగా ప్రకటింపబడినప్పుడు, ఆర్టీసీవారు తక్కిన ఉద్యోగులతోపాటు ఆ జీవోను చదువుకొనవలసినవారే యైరి. ఓటమివలన పోయిన హక్కును మరల అడుగువారుందురు. గెలుపువలన పోయినదానిని అడుగువారు అరుదు. అందుచేత మన నష్టమే పెద్దదని నా అభిప్రాయము.

2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్, ఒకే సంస్థలో పెక్కు సంఘములున్నప్పుడు, 51 శాతము కార్మికులు సభ్యులుగానున్న సంఘమునకు బేరమాడు హోదా నిచ్చుచున్నది. దశాబ్దములుగా అడిగిన గుర్తింపు తుదకు వచ్చినది. అయితే అదే కోడ్ సమ్మెకు ముందస్తు నోటీసును సకల పరిశ్రమలకును విధించినది. ఆపగల శక్తి లేనివానితో బేరమాడుటకు యజమాని కేమి తొందర?

ఈ మైదుకూరు నాలుగురోడ్ల కూడలిలో నిలుచుండి చూడుడు. అదే ఆర్టీసీ పేరుతో, అదే రంగుతో పోవు అద్దె బస్సును నడుపు డ్రైవరుకు జీతమిచ్చువాడు బస్సు యజమాని. అతనికి పీఆర్సీ లేదు, ఒడంబడికయు లేదు. సభలోనున్న సంఘ నాయకులారా, మీ సభ్యత్వ పుస్తకములో ఈ సంవత్సరము మొదటి రసీదు అతని పేర వ్రాయుడు.