సెకనుకు ఎన్ని అలలు?

ఎవరి పేరున ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ మాస్టారు మాకు ఈఈజీ, అంటే మెదడు అలల పటం, చదవడం నేర్పుతూ ఒకటే మాట అనేవారు: ముందు వేలు పెట్టి లెక్కపెట్టండి, తర్వాతే పేరు పెట్టండి. ఇవాళ నా ప్రసంగమంతా ఆ లెక్కే.

పరీక్షకు తలంటుకుని రమ్మంటాం, నూనె రాయొద్దంటాం. మన పెద్దవాళ్లు నూనె పెట్టుకునే వస్తారు. జుట్టు పాయలు తీసి, పేస్టు అద్ది, 21 బిళ్లలు అతికించాక "కళ్లు మూసుకోండమ్మా" అంటాం. ఆరోగ్యంగా ఉన్న మెదడైతే తల వెనకవైపు నుంచి సెకనుకు తొమ్మిదో పదో అలలు వరసగా లేస్తాయి, కళ్లు తెరవగానే అణగిపోతాయి. అదే ఆల్ఫా.

ఒక రిటైరైన టీచరమ్మ పదిహేడో ఎక్కం గడగడా అప్పజెప్పింది. పొద్దున ఏం తిన్నదో చెప్పలేకపోయింది. కళ్లు మూయించి లెక్కపెడితే ఏడు. కునుకు పట్టినా అలలు ఇలాగే నెమ్మదిస్తాయి కదా అని చప్పట్లు కొట్టి చూశాను. మెలకువగానే ఉంది. మళ్లీ ఏడే. కళ్లు తెరిచినా ఆ అలలు పెద్దగా అణగలేదు.

1924లో జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ తొలిసారి మనిషి తల మీంచి ఈ అలల్ని పట్టాడు. అయిదేళ్లు దాచుకుని 1929లో అచ్చువేస్తే నమ్మినవాళ్లు తక్కువ. అల్జీమర్స్ రోగుల్లో అలలు మారతాయని 1930ల మొదట్లో రాసిందీ ఆయనే. ఆ జబ్బుకు తన పేరు వచ్చిన ఆలోయిస్ అల్జీమర్ అప్పటికి లేడు, 1915లోనే పోయాడు. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆయన చూసిన రోగి ఆగుస్తె డేటర్, భర్త పేరడిగితే తన పేరే చెప్పింది. ఆమె పోయాక మెదడును ముక్కలు కోసి సూక్ష్మదర్శినిలో చూశారు గానీ, ఆమె అలల్ని చూసినవాళ్లు ఎవరూ లేరు.

అల్జీమర్స్‌లో అలలు ఎందుకు నెమ్మదిస్తాయి? మెదడు అడుగున మైనెర్ట్ కేంద్రకం అని ఒకటుంది. పైపొరకు ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం అందించేది అక్కడి కణాలే. ఈ జబ్బులో అవి రాలిపోతాయి. నాడీకణాల మధ్య లంకెలూ తెగుతాయి. కోలాటంలో తాళం వేసేవాడి చెయ్యి వాలితే అడుగులు ఎలా చెదురుతాయో అలాగన్నమాట. డోనెపెజిల్ మాత్ర ఉన్న ఎసిటైల్‌కోలిన్‌ను త్వరగా విరిగిపోనివ్వదు, అంతే. రాలిన కణాల్ని తిరిగి తేదు.

అలా అని ఏడు కనబడగానే అల్జీమర్స్ అనెయ్యకూడదు. కాలేయం చెడినా, థైరాయిడ్ బాగా తగ్గినా, మత్తు మాత్రలు వాడుతున్నా అలలు మందగిస్తాయి. మాస్టారు జబ్బు పేరు ఆఖర్న పెట్టమన్నది ఇందుకే.

మరి వెలుతురుతో ఈ జబ్బును తగ్గించగలమా? 2016లో ఎం.ఐ.టి.లో లీ-హ్వే సాయ్ బృందం సెకనుకు 40 సార్లు మిణుకుమనే వెలుతురు చూపిస్తే ఎలుకల మెదడులో, ఈ జబ్బులో పేరుకునే అమిలాయిడ్ తగ్గిందని చెప్పింది. 2023లో న్యూయార్క్‌లో బుజాకీ బృందం అలాగే చేసి చూస్తే తగ్గలేదు. టీచరమ్మ కొడుకు ఫోన్‌లో అలా మిణుకుమనే బల్బు బొమ్మ చూపించి "కొనమంటారా సార్?" అన్నాడు. ఎలుకల దగ్గరే తగువు తేలలేదు, ఆ డబ్బు దాచుకోమన్నాను. జుట్టుకు పట్టిన పేస్టు వదలడానికి గోరువెచ్చని నీళ్లతో తల కడగమని చెప్పి పంపాను.