చిన్న విమానం – మంచి కాలక్షేపం

విశ్రాంత జీవితంలో నా కాలక్షేపం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు.

నేను అతికించేది టైగర్ మాత్ అనే శిక్షణ విమానపు బొమ్మ. బ్రిటన్‌లోని డి హావిలాండ్ సంస్థవారి అసలు విమానం 1931 అక్టోబరు 26న తొలిసారి ఎగిరింది. పైనొకటి, కిందొకటి రెక్కలు. ముందువెనుకలుగా రెండు సీట్లు. 130 అశ్వశక్తి ఇంజను. రెక్కలు కర్రతో చేసి పైన గుడ్డ బిగించేవారు. పాతబస్తీలో సంక్రాంతికి పతంగులు ఎగరేసిన మనకు ఆ నిర్మాణం ఇట్టే బోధపడుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మన బేగంపేటలోనే ఈ విమానాలపై యువకులకు తొలి పాఠాలు చెప్పారు. తరువాత మన దేశంలోనే తయారై 1951లో ఎగిరిన హెచ్.టి.-2 ఆ బాధ్యత అందుకుంది.

నా బొమ్మ అసలులో 72వ వంతు. అసలు రెక్కల పొడవు 8.94 మీటర్లు; బొమ్మకు 12.4 సెంటీమీటర్లు, అనగా జానెడుకన్నా తక్కువ. భాగాలు ప్లాస్టిక్ చట్రానికి అంటుకుని వస్తాయి. వాటిని విరవకూడదు, కత్తిరించి, ఉప్పుకాగితంతో నునుపు చేయాలి. జిగురు ఘాటు కనుక కిటికీ తెరిచి ఉంచాలి. పై రెక్క నిలబెట్టడమే కష్టం. ఇరువైపులా అగ్గిపెట్టెలు ఆసరా పెట్టి రాత్రంతా కదపకుండా వదిలేస్తాను. రెక్కల మధ్య తీగలకు, మిగిలిన చట్రం ముక్కను కొవ్వొత్తి సెగకు మెత్తబరచి లాగితే వెంట్రుకంత సన్నని పోగు వస్తుంది. చేయి వణుకు నాకూ ఉంది. మోచేతులు బల్లకు ఆనిస్తే కొంత అదుపులోకి వస్తుంది.

మా ఆవిడ గతించి మూడేళ్లయింది. పిల్లలు ఉద్యోగరీత్యా దూరాన ఉన్నారు. శాలిబండలోని మా ఇంట్లో మధ్యాహ్నాలు గడిచేవి కావు. పాలవాడితో తప్ప ఎవరితోనూ మాట్లాడని రోజులున్నాయి. మనవడు ఈ పెట్టె పంపాక, కిటికీలోంచి చూసి గల్లీ పిల్లలు లోపలికొచ్చారు. 'తాతా' అని కొందరు, 'దాదా' అని కొందరు. పోగులు అతికించడానికి వాళ్ల కళ్లు, పట్టుకోవడానికి నా చేతులు. ఇప్పుడు సాయంత్రం ఎప్పుడవుతోందో తెలియడం లేదు.

కనుక నా మనవి ఒక్కటే. మన సంఘం హాలులో వారానికొక మధ్యాహ్నం ఒక బల్ల కేటాయించండి. విమానాలే కానక్కరలేదు, కుట్టుపని, పాత గడియారాల మరమ్మతు, ఏదైనా సరే. ఒంటరిగా ఉన్న సభ్యులకు కబురు పంపితే చాలదు, మనమే వెళ్లి వెంటబెట్టుకు రావాలి. ఏడాదికొకసారి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు మాత్రమే 'బతికే ఉన్నాను' అని చెప్పుకునే స్థితి మనలో ఎవరికీ రాకూడదు.